బావి నంబరు మూడు

మా దిండిమెరకలో గోడలకు మాటలు నేర్పింది నేనే.
పేరు మీరావలి. అక్షరానికి రెండు రూపాయలు,
ఒత్తులకు వేరే తీసుకోను.

ఆ ఏడు మినుము పూతకొచ్చినప్పుడు
తెనాలి వైపు నుంచి జీపులొచ్చాయి.
నారింజ రంగు తీగ పొలాలకడ్డంగా పరిచి
గట్టుకో గుంట తవ్వి, గుంటకో మందు కూరి పేల్చారు.
సాంబ్రాజ్యం గారి బావిలో నీళ్ళు
మూడు రోజులు పాలలా తిరిగాయి.
"కింద ఏముందో వింటున్నాం" అన్నాడు టోపీ అతను.
మన్ను వాసన చూసి బేరమాడేవాళ్ళు నాకు తెలుసు.
నేలకు చెవి ఆనించేవాళ్ళని అప్పుడే చూడటం.

తర్వాత ఇనుప గోపురం లేచింది.
రాత్రి దాని దీపాలకు
వరిచేల మీద పురుగులన్నీ అటే పోయాయి,
మేమూ.

సువార్తమ్మ ఇడ్లీ బండికి రేకుల కప్పు పడింది.
దాని మీద రాశాను: ఆయిల్ మెస్,
ఆంధ్రా భోజనం, నార్త్ రొట్టె.
ఏడుకొండలు రెండు గేదెల్నీ
భార్య మెళ్ళో గుళ్ళపేరునీ కలిపి జీపు చేశాడు.
మంగలి షాపు గోడ మీద డ్రిల్లింగ్ హెయిర్ స్టైల్స్.
కిళ్ళీకొట్టు మీద, సున్నం ఆరకముందే,
ఇచ్చట స్థలములు అమ్మబడును.
గుంటూరు నుంచి తెల్లచొక్కాలు వచ్చి
చౌడు నేలను సెంట్లలో అడగడం మొదలెట్టారు.
ఎకరమనే మాట మా ఊరు మర్చిపోయింది.

లాడ్జి కట్టిన దానియేలు మేస్త్రి అన్నాడు,
"పేరు ఘనంగా ఉండాలి వలీ, చమురు వాసన రావాలి."
భూగర్భ రెసిడెన్సీ అని రాశాను, బంగారు రంగుతో.
ఆ డబ్బా నా సొంత డబ్బుతో తెప్పించా.
"రేపిచ్చేస్తా, ఎక్కడికి పోయిద్ది" అన్నాడు.
ఎక్కడికీ పోలేదు. రాలేదంతే.

ఒక గురువారం మెస్సులో చేపల పులుసు మిగిలిపోయింది.
సువార్తమ్మ గిన్నె మూత తీసి చూసి
మళ్ళీ పెట్టింది.
ఎవరూ వచ్చి చెప్పలేదు.
నూనె కాదు, వేడి ఉప్పునీళ్ళు పడ్డాయని
డ్రైవర్ల దగ్గర తెలిసింది.
"ఉప్పునీళ్ళకి మూడు వేల మీటర్లా?
మా కాలవ గట్టున మోకాటిలోతు తీస్తే చాలదూ?"
సాంబ్రాజ్యం గారు నవ్వింది.
ఆమె అమ్మలేదు, కొననూ లేదు.

గోపురాన్ని ముక్కలుగా విప్పి లారీలకెక్కించారు.
కన్నంలో సిమెంటు పోశారు.
పైన నడుమెత్తు ఇనుపగొట్టం నిలిపి
నన్ను పిలిపించారు.
తెల్ల పెయింటు వాళ్ళదే. కాగితం చూసి రాశాను:
బావి నంబరు, లోతు, తేదీ,
చివర మూసివేయడమైనది.
ఆ హడావిడిలో రాసిన వాటన్నిట్లో
చెప్పిన డబ్బు చెప్పినట్టు చేతిలో పడింది ఆ ఒక్క పనికే.
సంతకం పెట్టి తీసుకున్నా.
ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు.

ఎండకి ఆయిల్ వెలిసిపోయి మెస్ మిగిలింది.
ఆనక మెస్సూ పోయి రేకు మిగిలింది.
లాడ్జిలో ఇప్పుడు మినప్పొట్టు బస్తాలు.
జీపుని ఫైనాన్సు వాళ్ళు తోలుకుపోతుంటే
ఏడుకొండలు వెనకాలే కొంతదూరం నడిచాడంట,
అమ్మేసిన గేదె వెంట నడిచినట్టు.
గొట్టానికిప్పుడు పలుపు కడుతున్నారు.
ఎవరిదో దూడ వీపు గోక్కుని గోక్కుని
లోతులో ముందంకె చెరిపేసింది.

మొన్న ఏడుకొండలు మా ఇంటికొచ్చాడు.
ఉన్న అరెకరం రొయ్యల గుంట చేయిస్తున్నాడంట,
మేత కొట్టు కూడా పెడతాడంట.
అటక మీంచి పాత డబ్బా దించాను.
మూత ఊడదీస్తే
బంగారం తోలుకట్టి గట్టిపడి ఉంది.
పుల్లతో పొడిచాను.
కింద ఇంకా తడి ఉంది.
"అక్షరాలు పెద్దవి రాయి వలీ" అన్నాడు.
"రేపల్లె రోడ్డు మీంచి కనపడాల."